ఆరు గంటల బస్సు

పొద్దున్నే లేచి టీ అయినా పెట్టుకోకుండా వదిన పక్కగదిలోకి వెళ్ళి ప్రింటర్ మూత ఎత్తి, మెత్తటి గుడ్డతో లోపలంతా తుడుస్తుంది. ఒక్కరోజు తుడవకపోతే నల్లగీతలు పడతాయి, గీతలు పడితే కాగితం దండగ. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, అంతకుముందు రోజు వచ్చిన ఫోటోలన్నీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూస్తుంది. ఆమె నడిపేది ఆన్‌లైన్ గ్యాలరీ. అందులో ఫోటోలు పెట్టేవాళ్ళెవరికీ ఫోటోలు తియ్యడం వృత్తి కాదు. బ్యాంకు గుమాస్తా ఒకాయన పిల్లుల్ని తీస్తాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి వంతెనలు తీస్తుంది. రిటైరైన లెక్కల మాస్టారు తలుపులు తప్ప ఇంకేమీ తియ్యడు, అవీ మూసి ఉన్నవే. ఇలాంటివాళ్ళు యాభై ఆరుగురు. ఎవరైనా చూసి, నచ్చి, కొనుక్కుంటే వదిన ప్రింటు వేస్తుంది. లిఫ్టులు బాగుచేసే వాళ్ళాయన సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకున్న గ్రీజు కడుక్కుని, ప్రింటుని అట్టగొట్టంలో చుట్టి పెడతాడు.

ఆమెని వదినా అని పిలవడం ఆడపడుచు మొదలుపెట్టింది. ఆ పిలుపు మెట్ల మీద వినీ వినీ పక్కింటివాళ్ళకి అలవాటైంది. ఇప్పుడు కొరియర్ అతను కూడా "వదినగారూ, పార్సిళ్ళు" అనే కింది నుంచి కేకేస్తాడు.

గ్యాలరీలో ఎవరి ఫోటో ఏ వరసలో ఉండాలో తేల్చేది వదినే. మొదటి వరసలో ఉన్నవి అమ్ముడుపోతాయి, నాలుగో పేజీలో ఉన్నవాటి ముఖం ఎవరూ చూడరు. సొంత ఫోటోలు కూడా ఆమె అందులో పెట్టుకుంది. పెద్ద కెమెరా కొనుక్కుని, ఆదివారాలు క్లాసుకి వెళ్ళి, వెలుగూ నీడా కొలతలూ అన్నీ నేర్చుకుని తీసినవి, మొత్తం నలభై ఒకటి. ఐదేళ్ళ నుంచీ మొదటి వరసలోనే ఉన్నాయి. అమ్ముడుపోయినవి మూడు. వాటిలో రెండు వాళ్ళ బాబాయి కొన్నాడు. మూడోది వెనక్కి వచ్చేసింది, ఒక చీటీతో సహా: "ఎన్నాళ్ళు చూసినా ఇది అలాగే ఉంది."

అలాగే ఉండక ఫోటో ఏం చేస్తుందని మీరు అడగొచ్చు. ఆడపడుచు ఫోటోలు చూడనివాళ్ళు అలాగే అడుగుతారు.

ఆడపడుచు పై అంతస్తులో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటుంది. మందుల షాపులో కౌంటర్ దగ్గర రోజుకి పదిగంటలు నిలబడే ఉద్యోగం. కూర్చోవడానికి అక్కడ స్టూలు కూడా వెయ్యరు. దారిలో వస్తూ పోతూ, అద్దం పగిలిన ఫోనుతో ఏది కనిపిస్తే అది తీస్తుంది. దండెం మీద బట్టలు, కిటికీలో కుండీ, మూసేస్తున్న కొట్టు. కంప్యూటర్ తెర మీద ఉన్నంతసేపూ అవి బుద్ధిగానే ఉంటాయి. కాగితం మీదికి వచ్చాక ఇంక ఆగవు. బట్టలు ఆరతాయి. కుండీలో మొక్క చిగురు వేస్తుంది. కొట్టు మూసి, పొద్దున్నే మళ్ళీ తెరుస్తారు.

కొన్నవాళ్ళకి దాంతో పేచీ ఏమీ లేదు. వాళ్ళు ఫోన్ చేసేది వేరే సంగతులకి. "మీరు పంపిన దండెం ఫోటోలో పొద్దున్నుంచీ వానండీ, బట్టలు తడిసిపోతున్నాయి, ఎవరైనా వచ్చి తీస్తారా, ఏమైనా చెయ్యాలా?" అని ఒకావిడ అడిగింది. ఆ బట్టల ఇంటావిడే వచ్చి తీసుకుంటుందిలెండి అని వదిన సర్దిచెప్పింది. సాయంత్రానికి ఫోటో కొన్నావిడే మళ్ళీ ఫోన్ చేసి, తీసిందండీ, దుప్పటి ఒక్కటీ మర్చిపోయింది అని చెప్పింది. ఇలాంటి ఫోన్లు రోజుకి నాలుగైదు.

వదిన కూడా ప్రయత్నం చెయ్యకపోలేదు. అదే కాగితం, అవే రంగులు, ఆడపడుచు ఫోటో వేసిన వెంటనే అదే మెషీన్లో తనది వేసింది. మెదల్లేదు. ఓరోజు ఏదో వంక పెట్టి ఆ పగిలిన ఫోను తీసుకుని, దాంతో అదే దండెం, అదే చోటు నుంచి తీసింది. బట్టలు కొయ్యల్లా నిలబడ్డాయి. ఆడపడుచు మాత్రం పెద్ద కెమెరాని తిరగేసి పట్టుకుని, ఏది నొక్కాలో తెలియక ఏదో నొక్కి, బల్ల మీద టీ గ్లాసుని తీసింది. ప్రింటు వేస్తే గంటలో టీ చల్లారి, పైన మీగడ కట్టింది.

ఆ రోజు వదినకి కడుపు ఎంత మండిందో చెప్పలేం. చదువుకున్నది తను, కష్టపడింది తను, కెమెరా తుడుచుకునేది తను. ఇదేమో మందుచీటీలు చూసే కళ్ళతో అలా ఒకసారి చూసి, అలా నొక్కి, పైకెళ్ళి పడుకుంటుంది. పైగా వాళ్ళాయన చెల్లెలి ఫోటో ఒకటి వంటింట్లో తగిలించుకున్నాడు, వీధి చివర మలుపుది. రోజూ పనికి వెళ్ళేముందు దాన్ని చూసి, "మా చెల్లి ఫోటోలో మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళాలి" అంటాడు. బయటికి తొంగిచూస్తే తెలిసేదానికి చెల్లెలి ఫోటో కావాలా? వదిన అప్పుడు గిన్నె కాస్త గట్టిగానే పెడుతుంది. ఆయనకి అర్థం కాదు. ఆ ఇంట్లో ఆయనొక్కడే సుఖంగా ఉన్నాడు.

వదిన ఆ ఫోటోల్ని నాలుగో పేజీకి తోసింది. జనం నాలుగో పేజీ దాకా వెతుక్కుంటూ వచ్చారు. ఏడో పేజీకి తోసింది. అక్కడికీ వచ్చారు.

ఆడపడుచు వీటిలో ఏదీ అడిగేది కాదు. ఆమె అడిగేది ఒక్కటే, ఫోటో పంపినప్పుడల్లా అడిగేది. "అంచులు మాత్రం ముట్టుకోకు వదినా. ఎటునుంచి ఎవరొస్తారో నాకూ తెలీదు."

అలా ఉండగా ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త భవనంలో రోగులు వేచి ఉండే హాళ్ళు ముప్ఫై రెండు ఉన్నాయి. గోడలన్నీ బోసిగా ఉన్నాయి, జనం గోడల్ని చూసి ఇంకా బెంగపడుతున్నారు. మీ గ్యాలరీలో మనుషులు తిరిగే ఫోటోలు ఉన్నాయట, నమూనాకి ఒకటి పంపండి, నచ్చితే ముప్ఫై రెండు హాళ్ళకీ ఆవిడవే తీసుకుంటాం, ఏడాదంతా పని ఉంటుంది అని రాసింది అక్కడి మేనేజరు మేడమ్.

ఆ సాయంత్రం ఆడపడుచు మెట్ల మీద కూర్చుని చెప్పులు విడుస్తుంటే వదిన సంగతి చెప్పింది. ఆడపడుచు కాళ్ళు అప్పటికే వాచి, పట్టీలు పడ్డచోట గుంటలు తేలి ఉన్నాయి.

"అదే కుదిరితే షాపు మానేస్తాను వదినా," అంది ఆడపడుచు. "కూర్చుని చేసే పని ఒక్కటైనా నా జాతకంలో ఉందేమో చూద్దాం."

"కుదురుతుందిలే," అంది వదిన. ఆ మాట పెదవి చివర నుంచే వచ్చింది.

పేజీలన్నీ చూసి ఆసుపత్రివాళ్ళు ఎంచుకున్నది బస్టాప్ ఫోటో. కుడివైపు సిమెంటు బెంచీ, దాని మీద గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన, ఎడమవైపు రోడ్డు. గ్యాలరీలో అదంటే అందరికీ ఇష్టం. పెద్దాయన మధ్యాహ్నం కుడి అంచు నుంచి నడుచుకుంటూ వచ్చి కూర్చుంటాడు. ఆరు గంటలకి ఎడమ అంచు నుంచి బస్సు వస్తుంది. ఆయన నెమ్మదిగా లేచి, ఎక్కి, వెళ్ళిపోతాడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. ఇదివరకు కొన్న ఆరుగురి ఇళ్ళల్లోనూ ఆరు ఫోటోల్లో ఆరుగురు పెద్దాయనలు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతున్నారు.

ఆసుపత్రి ఫ్రేములు నలుచదరంగా ఉన్నాయి, ఫోటో పొడుగ్గా ఉంది. పైనా కిందా తెల్లగా వదిలేసి ప్రింటు వేస్తే సరిపోయేది. అలా ఎన్నోసార్లు వేసింది కూడా. కానీ ఆ మధ్యాహ్నం వదిన కుర్చీలో వెనక్కి వాలి ఆ ఫోటోని చూస్తూ, క్లాసులో చెప్పింది గుర్తుచేసుకుంది: అక్కర్లేని ఖాళీ ఉంటే తీసెయ్యాలి, కన్ను నేరుగా మనిషి మీదికి వెళ్ళాలి. రోడ్డంతా ఖాళీ. ఎడమ అంచు పట్టుకుని లోపలికి జరిపింది. రోడ్డు పోయింది. బెంచీ, పెద్దాయనా మిగిలారు. చూడ్డానికి నిజంగానే బాగుంది.

బస్సు సంగతి అప్పుడు గుర్తు రాలేదని ఆమె తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకుంది. గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే నొక్కింది.

శనివారం ఫోటో తగిలించారు. మంగళవారం మేనేజరు మేడమ్ ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకండి, ఈ ఫోటో మాకు పనికిరాదండీ. ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళట్లేదు. అలా కూర్చునే ఉంటాడు. మా హాల్లో కూర్చునేవాళ్ళే దిగులుతో ఉంటారు, వాళ్ళకి ఇదో దిగులు. ఇంకొకటి అడుగుతాను. మీ దగ్గర అసలు కదలని ఫోటోలు ఉన్నాయా?"

"ఉన్నాయండీ. నలభై ఒకటి."

"ఎవరివి?"

"నావే."

అంతే, అంత తేలిగ్గా జరిగిపోయింది. మేడమ్ అప్పటికప్పుడు చూసి, ప్రశాంతంగా ఉన్నాయండీ, ముప్ఫై రెండూ ఇవే వేసేద్దాం, రేపే వచ్చి గోడలు కొలుచుకోండి అంది. ఫోన్ పెట్టేశాక వదిన గదిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. అద్దంలో చూసుకుంటే ముఖం వెలిగిపోతోంది. ఆడపడుచుతో "వాళ్ళకి కదిలేవి వద్దట" అని ఒక్క ముక్క చెప్పింది. అబద్ధం కాదుగా. ఆడపడుచు "అలాగా" అని, మర్నాడు మామూలుగా షాపుకి వెళ్ళిపోయింది.

బుధవారం టేపు పట్టుకుని వదిన ఆసుపత్రికి వెళ్ళింది. హాల్లో కుర్చీలు నిండుగా ఉన్నాయి. ఎవరూ టీవీ వైపు చూడటం లేదు, అందరూ గోడ వైపు చూస్తున్నారు. ఆమె కూడా చూసింది.

పెద్దాయనకి గడ్డం మాసింది. మధ్యలో ఓ రోజు వాన పడినట్టుంది, చొక్కా తడిసి ఆరి ముడతలు పడింది. గోడ గడియారం ఇంకా పదకొండే చూపిస్తోంది, కానీ ఆయన మాటిమాటికీ తన చేతిగడియారం చూసుకుంటున్నాడు. ఓసారి మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, నెమ్మదిగా ఎడమవైపు నడిచాడు. నాలుగడుగుల్లో ఫోటో అయిపోయింది. ఆ అంచు మీద అరచెయ్యి పెట్టి, గోడని తడిమినట్టు పైకీ కిందకీ తడిమి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఫోటో కింద కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అందులో బిస్కెట్ పొట్లాలు రెండు, ఒక అరటిపండు, మడత పెట్టిన స్వెట్టరు ఉన్నాయి.

"ఆయన కోసమే పెడుతున్నారు," అంది నేల తుడుస్తున్న ఆయా. "తినలేడని అందరికీ తెలుసు. అయినా ఎదురుగా కూర్చుని మనం ఒక్కళ్ళమే ఎలా తింటాం చెప్పండి? ఐదు రోజులైంది. పాపం, ఎవరు పెట్టారో ఆయన్ని అక్కడ."

పెద్దాయన తలెత్తాడు. హాల్లో అందర్నీ చూసినట్టే వదిననీ చూశాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. బస్సు గురించి ఈవిడకేమైనా తెలుసేమో అన్నట్టు చూశాడు, అంతే. వదిన టేపు సంచీలో పెట్టేసుకుని, ఒక్క గోడా కొలవకుండా ఇంటికి వచ్చేసింది.

ఆడపడుచు వచ్చేదాకా మెట్ల మీదే కూర్చుంది. ఆమె వచ్చి గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకున్నాక, ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. అంచు కత్తిరించిందీ, ఎందుకు కత్తిరించిందీ, ఫోన్ వస్తే ఎంత సంబరపడిందీ, ఏదీ దాచలేదు.

"నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంటుంది," అంది. "ఐదేళ్ళ నుంచీ. నువ్వు బాగా చేస్తే సంతోషించాలని తెలుసు. రాదు. ఏం చెయ్యను?"

ఆడపడుచు ముక్కుపుటాలు అదరడం వదిన చూసింది.

"అంచులు ముట్టుకోవద్దన్నాను," అంది. "ఇన్నేళ్ళలో నేను నిన్ను అడిగింది అదొక్కటే."

"అవును."

"కుళ్ళు నీ ఒక్కదానికే ఉందనుకోకు. నీ ఫోటోల్లో ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు. తీసి తగిలించావంటే నీ బాధ్యత అయిపోయింది. నేనో? వాళ్ళెవరో దుప్పటి మర్చిపోయారని ఫోన్ వస్తే పనిలో ఉన్నా మనసంతా అక్కడే ఉంటుంది. ఎక్కడ ఎవరు జారిపడ్డారో, ఎవరి కుండీ ఎండిపోయిందో. నీలాగా ఒక్క ఫోటో తీసి హాయిగా పడుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో." కాళ్ళు బకెట్లోంచి తీసింది. "సరే, ముందు ఆయన సంగతి చూద్దాం. నీ సంగతి తర్వాత."

కొత్తగా మొత్తం ఫోటో ప్రింటు వేస్తే లాభం లేదు. అందులో ఇంకో పెద్దాయన వస్తాడు, బస్సెక్కి వెళ్తాడు. ఈయన మాత్రం ఇక్కడే ఉంటాడు. కత్తిరించిన ముక్కనే విడిగా ప్రింటు వేసి పక్కన అతికించాలి. గురువారం వదిన మేనేజరు మేడమ్ గదిలోకి వెళ్ళి, తప్పు ఫోటోది కాదనీ, తనదేననీ చెప్పింది. తన ముప్ఫై రెండూ వద్దనీ చెప్పింది. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"శనివారం దాకా చూస్తాను. ఆయన ఇంటికి వెళ్తే ఆవిడకి పని ఇస్తాను. వెళ్ళకపోతే మీవీ వద్దు, ఆవిడవీ వద్దు. నమ్మకం లేనిచోట నేను పని పెట్టుకోను."

ఆ సాయంత్రమే వదిన వాళ్ళాయన ఫ్రేము ఎడమ చెక్క ఊడదీసి, రోడ్డు ముక్కని అంచుకి అంచు తగిలేలా అతికించాడు. ఆరైంది. రోడ్డు మీద బస్సు వచ్చింది. పెద్దాయన లేచాడు, ఒక అడుగు వేశాడు. బస్సు ఆగలేదు. ఆ కాగితంలో వట్టి రోడ్డే ఉంది, స్టాపంతా పక్క కాగితంలో ఉంది. ఖాళీ రోడ్డు మీద ఏ డ్రైవరు ఆపుతాడు? ఆయన మూడో అడుగు వేసేలోపు బస్సు కనిపించకుండా పోయింది. ఆయన ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉంచి దించేశాడు. వెనక కుర్చీలో ఎవరో ముక్కు చీదారు.

షాపులో సెలవడిగి వచ్చిన ఆడపడుచుకి అప్పటిదాకా ఆపుకున్న కోపం అంతా ఒక్కసారి వచ్చింది. "నీ ఫోటోలో బస్సైతే చచ్చినట్టు ఆగి ఉండేది," అంది పళ్ళు బిగించి.

అని, వదినవైపు చూసింది. వదిన కూడా ఆమెవైపు చూసింది.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి వదిన పెద్ద కెమెరా మెడలో వేసుకుని ఆ బస్టాప్‌కి వెళ్ళింది. సిమెంటు బెంచీ మీద అసలు పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో అదే గుడ్డసంచీ. ఆయనది పక్కవీధిలో గొడుగులు బాగుచేసే కొట్టు. వదిన పక్కన కూర్చుని, మీరు ఆసుపత్రి హాల్లో ఫోటోలో వారం రోజుల నుంచీ బస్సు దొరక్క కూర్చున్నారండీ అని చెప్పింది.

"అదా సంగతి," అన్నాడు పెద్దాయన. "ఈ వారమంతా నడుము ఒకటే నొప్పి. ఎందుకో అనుకున్నాను."

"తప్పు నాదేనండీ."

"తప్పుల సంగతి పక్కన పెట్టమ్మా. కూర్చోబెట్టినవాళ్ళే ఇంటికి పంపాలి." సంచీ సర్దుకున్నాడు. "ముందు తలుపు తియ్యి. వెనక తలుపు మెట్టు ఎత్తు, నా మోకాళ్ళు లేవవు. బస్సు బెంచీకి దగ్గరగా ఉండాలి. తలుపు పక్క సీటు ఖాళీగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తొందరపెట్టకూడదు. ఈ డ్రైవర్లు నా ఒక కాలు కింద ఉండగానే కదిలించేస్తారు. ఇరవై ఏళ్ళ నుంచీ ఒక్కరోజు నింపాదిగా ఎక్కి ఎరగను."

ఆరింటికి బస్సు వచ్చింది. వదిన వెళ్ళి దాని ముందు నిలబడింది. ఒక్క నిమిషం ఆపండి అని అడిగితే, "నిమిషమంటే నాకు ఎనిమిది స్టాపులు ఆలస్యం, తెలుసా మీకు?" అని డ్రైవరు విసుక్కున్నాడు. కానీ ఆపాడు. తలుపు పక్కన కూర్చున్నావిడ గొణుక్కుంటూ లేచి వెనక సీటుకి మారింది. వదిన ఒక మోకాలు నేలకి ఆనించి వంగింది. ముందు తలుపు, కింది మెట్టు, ఖాళీ సీటు, దాని మీద పడుతున్న సాయంత్రపు వెలుగు. క్లాసులో నేర్చుకున్న కొలతలన్నీ చేతివేళ్ళకే గుర్తొచ్చాయి. ఈసారి మనసులో ఆడపడుచు లేదు, మొదటి వరస లేదు, పెద్దాయన మోకాళ్ళు తప్ప ఇంకేమీ లేవు. ఒక్కటే తీసింది.

శనివారం వాళ్ళాయన రోడ్డు ముక్క తీసేసి, ఆ స్థానంలో బస్సు ఫోటో అతికించాడు. లిఫ్టు పట్టాలు సరిచూసే మట్టపుబద్ద పెట్టి మరీ చూసుకున్నాడు. ఒకవైపు చెల్లెలిది, ఒకవైపు పెళ్ళానిది, మధ్యలో వెంట్రుకవాసి సందు లేదు. హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మేనేజరు మేడమ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ఆరైంది. పెద్దాయన చేతిగడియారం చూసుకుని ఎడమవైపు తిరిగాడు. బస్సు అక్కడే ఉంది, తలుపు తెరిచి. ఆయన గబగబా లేవబోయాడు, అలవాటు కదా. లేచి, చెయ్యెత్తి, రెండడుగులు వేశాక ఆగాడు. బస్సు కదల్లేదు. చెయ్యి దించాడు. నడక నెమ్మది చేశాడు. అంచు దగ్గరికి వచ్చి, అరచెయ్యి చాచి తడిమాడు, చెయ్యి అవతలికి వెళ్ళింది. అప్పుడు ఆయనకి బెంచీ మీద సంచీ గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి తీసుకున్నాడు. బస్సు కదల్లేదు. మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని, ఒక కాలు పెట్టి, ఊపిరి తీసుకుని, రెండో కాలు పెట్టాడు. బస్సు కదల్లేదు. తలుపు పక్క సీట్లో కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయా వెళ్ళి, కుర్చీ మీది బిస్కెట్లు తీసి అందరికీ పంచింది.

ఆదివారం పొద్దున్నకి బస్సు అక్కడే ఉంది, తలుపు తెరిచే ఉంది, సీటు ఖాళీ. మధ్యాహ్నం పెద్దాయన కుడి అంచు నుంచి నడుచుకుంటూ వచ్చాడు, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. కదలని బస్సు ఆయన్ని ఇంటికి ఎలా చేర్చిందని ఎవరూ అడగలేదు. వెళ్ళాడు, వచ్చాడు, చాలు.

మేడమ్ ముప్ఫై రెండు హాళ్ళకీ జంటలే కావాలంది. కుడివైపు ఆడపడుచుది, ఎడమవైపు వదినది. ఆడపడుచు ఆ నెలాఖరుకి మందుల షాపు మానేసింది. మొదటిరోజు ఏం చెయ్యాలో తోచక వదిన గదిలో కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా లేవనే లేదు. వదిన ఆమె ఫోటోల్ని మొదటి వరసకి తెచ్చింది. తెచ్చేటప్పుడు కడుపులో కొంచెం మండింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ మండుతుంది, ఆసుపత్రి గుమ్మంలో పలక మీద ఆడపడుచు పేరు ముందూ తన పేరు తర్వాతా చూసినప్పుడు మరీనూ. కానీ అంచులు మళ్ళీ ముట్టుకోలేదు.

చివరి హాల్లో ఫోటోలు తగిలించిన రోజు వదిన మట్టపుబద్ద సంచీలో పెట్టుకుంటుంటే, కర్ర సాయంతో ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. కుర్చీల వరస చివరిదాకా చూసి, గోడ మీది ఫోటోలో ఆగి ఉన్న బస్సుని చూసి, ఇంకా తలుపు దగ్గరే ఉండగా ఆదుర్దాగా అడిగింది.

"నేను నెమ్మదిగా నడుస్తానమ్మా. నేనక్కడికి వచ్చేలోపు అది వెళ్ళిపోదు కదా?"

"వెళ్ళదండీ," అంది వదిన. "అది నేను తీసింది."